మెత్తని నూలు బట్ట ఎక్కడ దొరుకుతుంది?

కుట్టుపనిలో ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలో చెప్పమని, కొత్తగా మిషిను కొనుక్కున్న ఆడపిల్లలు నన్ను అడుగుతూనే ఉంటారు. ఉద్యోగమంతా కుట్టు నేర్పుతూ గడిపినదాన్ని కాబట్టి పిసినారితనంలో నన్ను మించినవాళ్లు లేరని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పేమీ కాదు.

చెబుతాను, వినండి. యూరియా సంచి మూతికి కుట్టిన తెల్ల దారాన్ని కత్తెరతో కోసి పారేయకండి. కుట్టు ముగిసిన వైపు ముడి విప్పి లాగితే సర్రున మొత్తం ఊడి చేతికి వస్తుంది. బొంతలు కుట్టడానికి అంత గట్టి దారం బజారులో కొన్నా దొరకదు. మందు వాసన పోయేదాకా బాగా ఉతికి వాడుకోవాలి, అంతే. ఒళ్లు రుద్దుకునే సబ్బు అరిగి పల్చని పలుకు మిగిలితే ఎండబెట్టి దాచుకోండి. బట్ట మీద గీతలు గీయడానికి అంతకంటే మంచిది లేదు, ఒక్క ఉతుక్కే పోతుంది. చినిగిన చొక్కాను పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసేముందు గుండీలు కోసుకోండి. ఎలక్షన్లు అయిపోయిన మర్నాడు ఊరంతా ఒకసారి తిరిగితే కండువాలు కుప్పలుగా దొరుకుతాయి. బొంత లోపలి పొరకు మేము వాటినే పరిచేవాళ్లం. పగలంతా మైకుల్లో తిట్టుకున్న పార్టీలన్నీ మా బొంతలో ఒకదాని మీద ఒకటి నోరు మూసుకుని పడుకునేవి.

ఇవన్నీ రాసుకున్నాక ఆ పిల్లలు చివరికి ఒకటి అడుగుతారు. పసిపిల్లల బొంతకు మెత్తని నూలు బట్ట అగ్గువకు ఎక్కడ దొరుకుతుంది, మేడం? అక్కడ నేను మాట మారుస్తాను. టీ తాగుతారా అని లేస్తాను. ఎందుకు లేస్తానో ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను మర్రిగూడ దిక్కు ఒక చిన్న ఊరికి, ఆడవాళ్ల కుట్టు కేంద్రానికి మార్చారు. రెండు గదుల పాత భవనం. ఇప్పుడందులో విత్తనాల సంచులు పెట్టుకుంటున్నారని విన్నాను. కొత్త రాష్ట్రం వచ్చింది, గుమ్మం మీదికి కొత్త బోర్డు వచ్చింది, దారం కొనడానికి పైసలు మాత్రం రాలేదు. ఉన్న మిషిన్లు నాకంటే ముందే రిటైర్ కావలసినవి. నాతోపాటు పనిచేసిన ఒకే ఒక్కామె కటింగు నేర్పే ముస్లిం అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు అప్పటికే పెళ్లీడు కొడుకు ఉన్నాడు. ఆమె కత్తెర పట్టిన చోట గుడ్డ పేలిక మిగిలేది కాదు. మిగిలితే దాన్ని కూడా జేబుగుడ్డ చేసి ఎవరి చేతిలోనో పెట్టేది.

జాకెట్లు, లంగాలు కుడితే ఎవరు కొంటారు? సంతలో రెడీమేడువి మా కూలి కంటే తక్కువకు వస్తున్నాయి. అందుకని బొంతల పని ఎత్తుకున్నాం. పట్నంలో ఒక దుకాణంవాళ్లు పసిపిల్లల బొంతలు ఎన్నిస్తే అన్ని తీసుకుంటామన్నారు. కేంద్రానికి వచ్చే ఆడవాళ్ల ముఖాలు వెలిగాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు ఎవరింట్లో చూసినా సింథటిక్ చీరలే. అవి పసిబిడ్డ వీపు కింద వేస్తే చెమట పట్టి పొక్కులు లేస్తాయి. నూలు చీర కట్టేది ముసలి అవ్వలే. ఆ అవ్వ దగ్గర ఉన్న నాలుగు చీరలూ మనం లాక్కుంటే ఆమె ఏం కట్టుకోవాలి?

అప్పుడు మాకు ఇస్త్రీ ఆమె దొరికింది. బస్టాండు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. ఇంటింటి బట్టలు ఉతకడం తరాలుగా వాళ్ల ఇంటి పని. ఆ ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆ మనిషి కట్టిన బట్టలు, కప్పుకున్న దుప్పట్లు మూటగట్టి వాళ్లకే ఇచ్చేస్తారు. అడిగి తీసుకునేది కాదు, వద్దంటే ఊరుకునేదీ కాదు. ఆచారం. ఆమె మొదటిరోజు కేంద్రం గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు చాలాసేపు నిలబడింది.

"ఎవలింట్ల ఏడుపు ఇనొచ్చినా నాకు పిలుపొస్తది మేడం" అంది నాతో. "పెండ్లికి పిలుస్తరో లేదో గని, సావుకు మాత్రం నేను లేంది గడవది. నా ఒక్క బిడ్డకు గా బతుకు వద్దు. నాకు జర మిషిను నేర్పుండ్రి. మా తల్లీబిడ్డలం కూసోని కుట్టుకోని బతుకుతం."

ఆమె కోరిక అంతే. చావు ఇంటి గుమ్మం ఇంకెప్పుడూ తొక్కకుండా బతకడం. కేంద్రంలో మేము పెట్టుకున్న పద్ధతి ప్రకారం అందరూ ఒకరినొకరు అక్కా అనే పిలవాలి. భూములున్నామె అయినా, బండి నెట్టే ఆమె అయినా. ఆ పిలుపు ఆమె నోటికి పట్టడానికి చాలా రోజులే పట్టింది. మిషిను మాత్రం తొందరగా పట్టుబడింది. బొంత మీద వరుసకుట్టు ఆమె వేస్తే గీత గీసినట్టు వచ్చేది.

నూలు బట్ట లేదని మేము తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమె ఒకరోజు మూట తెచ్చి విప్పింది. అన్నీ పాత నూలు చీరలు. ఆ ఊరి బోరునీళ్లలో ఉతికిన బట్ట అట్టలాగా బిరుసెక్కుతుంది. ఈమె వాన నీళ్లు పట్టి పెట్టుకుని, ఉడకబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చింది. చెంపకు ఆనించుకోవాలనిపించేంత మెత్తగా ఉన్నాయి. ఎక్కడివి అని ఒక్కరు అడిగితే ఒట్టు. ఆమె ఎవరో, ఆమె చేతికి చీరలు ఎట్లా వస్తాయో ఆ ఊళ్లో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఊరికి కొత్తదాన్నైన నాకు కూడా తెలుసు. "ఎంత మెత్తగున్నయే!" అని మొదట చెయ్యి వేసింది మా మహిళా సంఘం లీడరమ్మ. తెలిసిన విషయాన్ని తెలియనట్టు మోయడంలో మన ఊళ్లను మించినవి లేవు.

లీడరమ్మ గురించి చెప్పాలి. చెడ్డ మనిషి కాదు. పత్తి చేను ఉన్న ఇల్లు, గట్టి నోరు, అంతకంటే గట్టి చెయ్యి. బ్యాంకులో, ఆఫీసులో మా పని ఏదున్నా ముందు నడిచేది ఆమే. ఆమె బిడ్డను నకిరేకల్‌కు ఇచ్చారు. ఆ పిల్లకు మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ నెల తిరగకుండానే పోయింది. రెండోసారి నిలిచినప్పటి నుంచి లీడరమ్మ మొక్కని దేవుడు లేడు. మా కటింగు ఆమెతో దర్గాలో కూడా చక్కెర పంచిపెట్టించింది. బిడ్డ పుట్టకముందే బొంత కుట్టకూడదని గట్టిగా పట్టుబట్టింది. పుట్టకముందు బట్ట సిద్ధం చేస్తే దిష్టి అంటారు. ఆడపిల్ల పుట్టిందని నల్లగొండ దవాఖాన నుంచి ఫోను వచ్చిన తరువాతే ఇస్త్రీ ఆమెను పిలిచింది.

"అందరి లెక్క కాదే, మా పిల్లది నువ్వే కుట్టాలె. నీ కాడున్న బట్టల్ల అన్నిటికంటె మెత్తటిది తియ్యి" అంది.

ఇస్త్రీ ఆమె ఆరోజు మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రం బస్సుకు బొంత నల్లగొండ వెళ్లింది. అందరం చూశాం, మురిసిపోయాం. మాది నారాయణపేట దిక్కు కాబట్టి పైన వేసిన గళ్ల చీర మా మగ్గాలదేనని నాకు చూడగానే తెలిసింది. మా చీర కట్టే కొద్దీ మెత్తబడుతుంది గానీ చిరగదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పిల్ల పచ్చబడింది. పుట్టిన పిల్లల్లో చాలామందికి వచ్చే కామెర్లే, కానీ కొంచెం ఎక్కువైందని డాక్టర్లు పిల్లను తల్లి పక్కనుంచి తీసి నీలం లైటు కింద పెట్టారు. చూడటానికి లీడరమ్మ ఆడబిడ్డ వెళ్లింది. తల్లి పక్కన ఖాళీగా పడి ఉన్న బొంతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక మూల, చుట్ట నిప్పు పడి కాలిన చోట, ఎర్రదారంతో వేసిన రఫూ కుట్టు కనిపించింది. ఆ కుట్టు వేసింది ఆమే. తన తల్లి చీరకు. ఆ తల్లి, అంటే లీడరమ్మ అత్తగారు, ఆ ఎండాకాలంలోనే కాలం చేసింది.

మర్నాడు పొద్దున లీడరమ్మ ఆ బొంతను సంచిలో పెట్టుకుని నేరుగా కేంద్రానికి వచ్చింది. మిషిన్లన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. బొంతను టేబులు మీద పరిచి, ఎర్రదారం మీద వేలు పెట్టింది.

"ఇది ఎవలిది?"

ఇస్త్రీ ఆమె లేచి నిలబడింది. "మీ అత్తమ్మది, అక్కా."

అంత నిమ్మళంగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. తెలియదంటుందనీ, పొరపాటున కలిసిందంటుందనీ, మేమందరం అవునవునని తల ఊపి గండం గట్టెక్కిస్తామనీ నేను లోపల లెక్క వేసుకుంటున్నాను.

"తెలిసే కుట్టినవా?"

"తెలిసే కుట్టిన. ముసలమ్మ మంచాన పడ్డన్ని దినాలు ఆమె బట్టలు నేనే ఉతికిన గదా. 'మనుమరాలి పిల్లను సూసి పోత' అని ఒక్కటే కలవరిచ్చేది. సూడకుండనే పాయె. పుట్టిన పిల్లకు నిండ బతికిన ముసలోళ్ల చీరే ఎయ్యాలంటరు. గంత ఆయుస్సు బతికిన మనిషి, సొంత మనిషి. అన్నిటికంటె మెత్తటిది గదే. పిల్లకు మంచిదనుకున్న అక్కా."

"బతికున్నోళ్ల చీర ఏస్తరే! సచ్చినోళ్లది ఏస్తరా? అంత ఆశ వెట్టుకోని పోయిన మనిషి పిల్లను ఎంట తోలుకపోదా?"

"సొంత పిల్లను ఎందుకు తోలుకపోతది అక్కా..."

"నన్ను అక్కా అనకు!"

ఆ కేక వేసి లీడరమ్మ నేల మీద కూలబడిపోయింది. అంత గట్టి మనిషి చిన్నపిల్లలాగా వెక్కివెక్కి ఏడ్చింది. "ఒకదాన్ని మట్టిల వెట్టిన. దీన్ని ఎక్కడ వెట్టాలె?" అంది. ఆమె భయం నాటకం కాదు. అందుకే ఈ కథలో తిట్టుకోవడానికి నాకు సరైన మనిషి ఇప్పటికీ దొరకలేదు.

అయినా ఊరుకోలేకపోయాను. "మీ అత్తమ్మ బంగారు గుండ్ల పేరు మీ బిడ్డ మెడల వేసినరు గదా, దానికి లేని దోషం నూలు చీరకే ఉందా?" అన్నాను.

"బంగారం వేరు మేడం. బంగారానికి మైల ఉంటదా?"

మా కటింగు ఆమె నెమ్మదిగా అందుకుంది. "మా దాంట్ల పోయినోళ్ల బట్టలు ఉతికి గరీబోళ్లకు ఇస్తం అక్కా. పుణ్యం అంటరు. కడిగిన బట్ట పాక్ బట్టే, మైల లేనిదే."

"మీది వేరమ్మా."

ఆరోజు ప్రతిదీ వేరే అయింది. మైల ఒక్కటే అందరికీ ఉమ్మడి. ఎవరో లేచి బీరువా తెరిచారు. దుకాణానికి పంపడానికి కట్టి పెట్టిన బొంతలన్నీ కింద పడ్డాయి. బ్లేడ్లు, చిన్న కత్తెరలు తీసుకుని ఒక్కొక్కరు ఒక్కో బొంత కుట్లు విప్పడం మొదలుపెట్టారు. తమ ఇంటి చావు అందులో ఉందేమోనని వెతుక్కుంటున్నారు. నేను అరిచాను, తాళం వేస్తానన్నాను. ఎవరూ తలెత్తలేదు. ఒకామెకు దొరికింది. "ఇది మా అమ్మది" అంటూ ఆ ముక్కను ముఖానికి ఒత్తుకుని ఏడ్చింది. ఎంతసేపో అట్లాగే వాసన చూస్తూ కూర్చుంది. తరువాత దాన్ని దూరంగా పెట్టి, చేతులు కడుక్కోవాలి నీళ్లు పోయమంది.

ఉద్యోగంలో ఎన్నో చూశాను. మిషిన్లు ఎత్తుకుపోయిన దొంగలను చూశాను, సంతకానికి సతాయించిన ఆఫీసర్లను చూశాను. ఆ ఒక్క దృశ్యం గుర్తొస్తే మాత్రం అన్నం సహించదు.

ఇస్త్రీ ఆమె ఏడవలేదు. విప్పేసిన ముక్కలన్నీ ఏరింది. మడతలు పెట్టింది. అంత గందరగోళంలోనూ అంచుకు అంచు కలిపి మడత పెట్టింది. లీడరమ్మ తెచ్చిన బొంతను తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగితే, లీడరమ్మే కాలితో అటు నెట్టింది. దాన్ని కూడా మూటలో పెట్టి, తల మీదికి ఎత్తుకుంది. గుమ్మం దగ్గర తిరిగి, "వస్తనమ్మా" అంది. అక్కా అనడం నేర్చుకున్న మనిషి మళ్లీ అమ్మా అంది. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఉండమనలేదు. నేనొక్కదాన్నే ఉండమన్నాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులాగా వినిపించింది.

పిల్ల బాగైంది. లైటు కింద పెట్టాక పచ్చదనం దిగిపోయింది, నకిరేకల్ వెళ్లింది, ఇప్పుడు బడికి పోతోందట. లీడరమ్మ కేంద్రంలో అందరికీ మిఠాయి పంచింది. ఇప్పుడైనా ఎవరో ఒకరు ఆ బొంత గురించి ఒక మాట అంటారని ఎదురుచూశాను. అన్నారు. బొంత తీసేశారు కాబట్టే పిల్ల బతికిందన్నారు. ఇక ఆ తర్కానికి ఏ డాక్టరు మందు వేయాలి?

దుకాణంవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఉన్న సింథటిక్ చీరలతోనే కుట్టి పంపాం. జారిపోతున్నాయని, గుచ్చుకుంటున్నాయని మొత్తం తిప్పి పంపారు. పని లేక మిషిన్ల మీద గుడ్డలు కప్పి కూర్చున్నారు అందరూ. అట్లాంటి ఒక మధ్యాహ్నం సంఘం కూర్చుంది. ఇస్త్రీ ఆమెను మళ్లీ పిలుద్దామా అన్న మాట వాళ్ల నోటే వచ్చేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. లీడరమ్మ పూర్తిగా చెప్పింది.

"ఆమెను లోపటికి రమ్మనొద్దు మేడం. నలుగురి కండ్లల్ల పడితే మల్ల లొల్లి. మూట ఎనక తలుపు కాడ వెట్టి పొమ్మనుండ్రి. అంచులు కోసేస్తే ఎవలు గుర్తువడతరు? పట్నం పోయే బొంతలే గదా, ఆడ పండుకునే పిల్లలకు ఎవలి చీరో ఏమెరుక?"

ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది తల్లులు. అందరూ సరే అన్నారు. మా కటింగు ఆమె ఒక్కతే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

నేను బస్టాండు దగ్గరికి వెళ్లింది వాళ్ల కబురు మోయడానికి కాదు. ఎట్లాగైనా ఆమెను తీసుకొచ్చి ఆమె మిషిను ముందు కూర్చోబెడదామని వెళ్లాను. ఆమె బండి దగ్గర బొగ్గు పెట్టెలో నిప్పులు సర్దుతోంది. నన్ను చూసి నవ్వింది. స్టూలు తుడిచి జరిపింది.

"రా, పోదాం. ఎవలేమన్నా నేను చూసుకుంట" అన్నాను.

"వాళ్లేమన్నరు మేడం?" అని అడిగింది.

దాచలేదు. దాచి తీసుకుపోతే గుమ్మంలో మళ్లీ అదే జరుగుతుంది. వెనక తలుపు సంగతి, అంచులు కోసే సంగతి, అన్నీ చెప్పాను. ఆమె ఇస్త్రీ పెట్టె ఎత్తి, అడుగును తడిగుడ్డ మీద ఆనించి, ఎవరిదో చొక్కా కాలరు మీద మెల్లగా నడిపింది.

"నిన్న ఒకలింటికి పోయొచ్చిన మేడం. మూట పెద్దగుండె. మోసెటందుకు మా బిడ్డను గూడ తోలుకపోయిన. పోవద్దనుకున్న గుమ్మం, దానికి గూడ సూపెట్టిన." చొక్కా తిరగేసింది. "సచ్చినోళ్ల బట్ట లోపటికి రావచ్చు. బతికున్న నేను రావొద్దు. గంతేనా మేడం?"

గంతే. ఆమె చొక్కా మడిచి దొంతరలో పెట్టి, ఇంకొకటి తీసి పరిచింది. నేను స్టూలు మీద నుంచి లేచాను.

కేంద్రానికి తిరిగి వచ్చేసరికి అందరూ నాకోసమే ఎదురుచూస్తున్నారు. ఆమె అన్న మాటను ఒక్క అక్షరం మార్చకుండా, ఆమె యాసలోనే, అందరికీ వినబడేటట్టు చెప్పాను. లీడరమ్మ తల దించుకుంది. అది చూసి నాకు ఎక్కడో చిన్న ఆశ పుట్టింది, ఇప్పుడు ఎవరో ఒకరు లేచి, పోయి తోలుకొద్దాం పట్టుండ్రి అంటారని.

వెనక వరసలోంచి ఒక గొంతు మెల్లగా అడిగింది.

"మరి మూట ఇయ్యలేదా, మేడం?"